చలికాలం స్టీల్‌హెడ్‌కి ఒడ్డు మీద నుంచి వేయాలంటే ఏ నది? (పడవ లేదు, శనివారం ఒక్కటే ఖాళీ)

కొత్తగాలం:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం పక్కన, మూడేళ్ళుగా అమెరికాలో సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటున్నాం. ఎండాకాలంలో ఇక్కడి లేకుల్లో ట్రౌట్ పట్టడం బాగానే అలవాటైంది. ఆఫీసులో ఒకాయన రోజూ ఫోటోలు చూపించి చూపించి, సముద్రం నుంచి ఏట్లోకి ఎక్కే ఈ స్టీల్‌హెడ్ పిచ్చి ఎక్కించాడు.

క్రిస్మస్ సెలవుల్లో నేరుగా హో నదికే పోయాను. పేరున్న నది కదా, అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది అనుకున్నా. అర్ధరాత్రి దాటాక బయల్దేరి నాలుగున్నర గంటలు నడిపి, ఫోర్క్స్ దాటి వెళ్తే నది పాల టీ రంగులో ఉంది. గులకరాళ్ళ ఒడ్డు అంటారే, అది లేదు. చెట్ల మొదళ్ళ దాకా నీళ్ళే. ఓ పెద్ద దుంగ నా కళ్ళముందే కొట్టుకుపోయింది. గాలం బయటకు తియ్యకుండానే కారులో కూర్చుని పులిహోర తినేసి తిరిగొచ్చా. "తొమ్మిది గంటలు నడిపి నది చూసొచ్చావా?" అని మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది.

తర్వాతి శనివారం స్నోక్వాల్మీకి పోయా. రెండు గంటల్లో పదకొండు గాలాలు రాళ్ళకి పట్టుకుని తెగిపోయాయి. చేప జాడ లేదు.

నా పరిస్థితి ఇదీ. పడవ లేదు, కొనే ఆలోచన కూడా లేదు. వేడర్లు (నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) కొన్నా కానీ వడి నీళ్ళలో దిగాలంటే టెన్షన్. శనివారం ఒక్కటే దొరుకుతుంది, అది కూడా మధ్యాహ్నం రెండింటికి పాప కూచిపూడి క్లాసు దాకే. ఒక్క చేపైనా ఇంటికి తెచ్చి పులుసు పెట్టించాలని కోరిక. హో, స్కైకోమిష్, కౌలిట్జ్, శాండీ అని తలా ఒక పేరు చెబుతున్నారు. ఏది పట్టుకోవాలి?

టకోమా_తమ్ముడు:

అన్నా, ఆలోచించకు, కౌలిట్జ్. ఐ-5లో 68వ ఎగ్జిట్ దిగి హైవే 12 ఎక్కి, బ్లూ క్రీక్ దగ్గర ఆగు. ట్రౌట్ హేచరీ (చేప పిల్లల్ని పెంచి వదిలే చోటు) అక్కడే, చేప దాని గుమ్మం దగ్గరికే వస్తుంది. నదికి పైన మేఫీల్డ్, మాసీరాక్ డ్యాములు ఉన్నాయి కాబట్టి వానొచ్చినా నీళ్ళు మిగతా నదుల్లాగ బురదవవు. కింద టూటిల్ కలిసే చోటు దాటితే మాత్రం చెప్పలేం. 1980లో సెయింట్ హెలెన్స్ పేలినప్పటి బూడిద ఇంకా ఆ ఏట్లో దిగుతూనే ఉంది. నువ్వు దానికి పైనే ఉంటావు కాబట్టి ఇబ్బంది లేదు.

జనం ఉంటారు. చాలామంది ఉంటారు. రాజమండ్రి పుష్కరాల రేవు అనుకో.

లంకలోడు:

కొత్తగాలం గారూ, తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ నెల చెప్పలేదు. అది చెప్పకపోతే మీరు మళ్ళీ పులిహోర తినే వెనక్కొస్తారు.

మాది రాజోలు దగ్గర, వశిష్ఠ పాయ ఒడ్డున లంక. ఇక్కడ మన్రో పక్కన పద్నాలుగేళ్ళు. మొదటి రెండు చలికాలాలు నాకు ఒక్క చేప పడలేదు, అందుకని కాస్త ఎక్కువ రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఇదేం చేపో మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పుకుందాం. సముద్రంలో విలస అంటాం, గోదాట్లోకి ఎక్కితే పులస అంటాం. ఇక్కడ తిరకాసు తలకిందులు. ఏట్లోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్, సముద్రానికి పోయి తిరిగొస్తే స్టీల్‌హెడ్. జాతి ఒక్కటే. సాల్మన్‌లా గుడ్లు పెట్టి చచ్చిపోవాలనే రాత కూడా దీనికి లేదు, కొన్ని మళ్ళీ సముద్రానికి పోతాయి. పులస జులై, ఆగస్టుల్లో ఎర్రనీటికి ఎదురెక్కితే ఇది చలివానలకి ఎదురెక్కుతుంది. కొత్తనీరు తగిలితేనే కదులుతుంది. నీళ్ళు ఎక్కుతుంటే చేప పైకొస్తుంది, నీళ్ళు దిగుతుంటే మనకి దొరుకుతుంది. మీరు హోకి వెళ్ళింది ఎక్కే రోజున.

హో గొప్ప నదే, ఎవరూ కాదనరు. కానీ అది ఒలింపస్ కొండ మీది హిమానీనదాల నుంచి దిగే నీరు, దాని మీద ఫోర్క్స్ చుట్టుపక్కల ఏడాదికి నూరు అంగుళాలు దాటే వాన. ఒకసారి బురద కడితే తేరుకోవడానికి టైం పడుతుంది. అదే ఫోర్క్స్ పక్కన సోల్ డక్ తొందరగా తేటపడుతుంది, అక్కడివాళ్ళు హో చెడితే అటు పోతారు. మనం బోథెల్ నుంచి అలా "అటు పోలేం" కదా. పైగా ఆ తీరంలో వైల్డ్, అంటే హేచరీది కాకుండా ఏట్లోనే పుట్టిన, స్టీల్‌హెడ్ ఇంటికి తెచ్చుకోవడం 2016 నుంచే లేదు. ఎర కూడదు, ముల్లున్న గాలం కూడదు, కొన్నేళ్ళు పడవలోంచి వేయడమే ఆపేశారు. బొగాచీల్ హేచరీ చేపలు ఉంటాయనుకోండి, అవి డిసెంబరు, జనవరి. పులుసు కోసం నాలుగున్నర గంటలు నడిపే ఊరు కాదది. క్వినాల్ట్ రిజర్వేషన్ నేల మీదైతే ఆ తెగ గైడు లేకుండా మనం గాలం వేయకూడదు. నదుల దిగువన కొన్ని రోజులు తెగలవాళ్ళ వలలు కనిపిస్తాయి, వాటి మీద చిరాకు పడకండి. 1974లో జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పు ప్రకారం పట్టదగ్గ చేపలో సగం వాటా వాళ్ళది. తమ నేల ఇచ్చి వాళ్ళు చేసుకున్న ఒప్పందం నుంచి వచ్చిన హక్కు అది.

ఇక మీకు సరిపోయేది. ఇప్పుడు జనవరి కాబట్టి స్కైకోమిష్. బోథెల్ నుంచి 522 ఎక్కి మన్రో, అక్కడ హైవే 2 మీద సుల్తాన్, స్టార్టప్, గోల్డ్ బార్. (అవును, స్టార్టప్ అనే ఊరే. ఉద్యోగం మానేసి స్టార్టప్‌కి పోతున్నానని మా మేనేజర్‌కి ప్రతి చలికాలం చెబుతాను. ఆయన నవ్వడం మానేసి చాలా కాలమైంది.) గోల్డ్ బార్ దగ్గర రైటర్ పాండ్స్ హేచరీ ఉంది. అక్కడ వదిలిన పిల్లలు సముద్రానికి పోయి అక్కడికే తిరిగొస్తాయి. ఒడ్డు మీద నడిచిపోవచ్చు, పడవ అక్కర్లేదు. ముప్పావు గంట డ్రైవ్. తెల్లారేసరికి నీళ్ళ దగ్గరుంటే పదకొండున్నరకి సర్దుకుని కూచిపూడికి హాయిగా అందుకుంటారు.

ఫిబ్రవరి వచ్చేసరికి అక్కడి హేచరీ చేప పలచబడుతుంది. స్కైకోమిష్ లాంటి పూజెట్ సౌండ్ నదులు చాలావరకు జనవరి ఆఖరుకో ఫిబ్రవరి మధ్యకో మూసేస్తారు కూడా. వైల్డ్ చేప గుడ్లకి వచ్చే వేళ అది, 2007 నుంచి అవి ఫెడరల్ రక్షణ జాబితాలో ఉన్నాయి. అప్పుడు తమ్ముడు చెప్పిన కౌలిట్జ్ మొదలు. అక్కడి హేచరీ చేప ఆలస్యంగా వచ్చే రకం, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. జనవరిలో బ్లూ క్రీక్‌కి పోయి తిట్టుకున్నవాళ్ళని చూశాను, నాతో కలిపి.

ఎక్కడ ఎన్ని వచ్చాయో ఊహించక్కర్లేదు. రాష్ట్ర చేపల శాఖ హేచరీల వారీగా ఎన్ని తిరిగొచ్చాయో వారానికోసారి లెక్క పెడుతుంది. ఆఫీసులో ఫోటోలు చూసి నదిని ఎంచుకునే బదులు ఆ లెక్క చూడండి. అలాగే రూల్స్ పుస్తకంలో ఏమున్నా సరే, బయల్దేరే ముందు రాత్రి ఎమర్జెన్సీ రూల్స్ పేజీ ఒకసారి తెరవండి. వారం మధ్యలో కూడా నది మూసేస్తారు.

ఇప్పుడు నీళ్ళు. నదిలో నీటి ప్రవాహం కొలిచే యూఎస్‌జీఎస్ గేజ్ చూడండి, గోల్డ్ బార్ దగ్గరది. సీఎఫ్‌ఎస్ అని కంగారు పడకండి, మన క్యూసెక్కులే. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పది లక్షల దగ్గర ఎగరేస్తారు, ఇక్కడ ఆరు వేలంటేనే నాకు నిలబడే చోటు ఉండదు. నా లెక్కలో 2000 నుంచి 4000 మధ్య ఉండి గీత కిందికి దిగుతుండాలి. అంకె కంటే ఆ దిగడం ముఖ్యం. హవాయి వైపు నుంచి వెచ్చటి వాన వస్తే, పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు దాన్ని, కొండ మీది మంచు కూడా కరిగి నది ఒక్క రాత్రిలో మూడింతలవుతుంది. తర్వాత చలిగాలి తిరిగి, మంచు పడే ఎత్తు కిందికి దిగిందంటే నది కూడా దిగుతుంది. ఆ దిగిన రెండో రోజో మూడో రోజో శనివారం అయితే మీ అదృష్టం.

రంగు ఎలా ఉండాలంటే, మోకాలి లోతులో నిలబడితే మీ బూటు ముక్కు పచ్చగా, మసకగా కనబడాలి. గాజులా కనబడితే చేపకి మీరూ కనబడతారు. అసలు కనబడకపోతే మన్రోలో కాఫీ తాగి ఇంటికి పోండి.

కొత్తగాలం:

లంకలోడు గారూ, దండం. క్యూసెక్కుల మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే పులిహోర ఇంట్లోనే తినేవాణ్ణి.

రెండు అనుమానాలు. రైటర్‌లో జనం మధ్య కొత్తవాణ్ణి ఎలా నిలబడాలి? ఆ పదకొండు గాలాల సంగతేంటి?

లంకలోడు:

గాలాలు పోయాయంటే సీసం కట్టి అడుగున దొర్లించారన్నమాట. అది చేతికి రావాలంటే ఒక చలికాలం పడుతుంది. సీసం రాళ్ళ మీద టక్ టక్ మంటూ పోతుంటే వేలికి తెలుస్తుంది. ఆ టక్ టక్ ఆగిపోతే చేప, లేదా రాయి. నాకు వందలో తొంభై తొమ్మిది రాయే.

మీరు బెండు కట్టండి. చిన్నప్పుడు పంటకాలవ గట్టు మీద జొన్న బెండు కట్టి ఎర్ర గుచ్చి జెల్లలకి వేసిన విద్యే. ఇక్కడ ఫ్లోట్ అంటారు, కింద జిగ్, అంటే తలకి సీసం గుండు ఉన్న గాలం. తొమ్మిదిన్నర, పది అడుగుల రాడ్, కింద లీడర్ (గాలానికి కట్టే చివరి దారం) పది పౌన్లది. జిగ్ అడుగు నుంచి ఒకటిన్నర, రెండు అడుగుల పైన వేలాడాలి. బెండు నీటి కంటే ముందుకు వంగితే కింద తగులుతోందని అర్థం, లోతు తగ్గించండి. మీరు ఒడ్డు మీద మామూలుగా నడిచే వేగంతో బెండు పోయే చోటు వెతకండి. నురగ కక్కే చోట వద్దు, కదలని మడుగులో వద్దు. చేప ఆ రెంటికీ మధ్య నీళ్ళలో, మనిషి లోతులో విశ్రాంతి తీసుకుంటుంది.

మూడో చలికాలం నా సంగతి చెప్తా. సుల్తాన్ దిగువన నడుము లోతు దిగి, అవతలి గట్టు దాకా విసురుతున్నా. ఎంత దూరం పడితే అంత మొనగాణ్ణి అనుకునేవాణ్ణి. ఒక ముసలాయన వచ్చి ఒడ్డు మీద దుంగపై కూర్చున్నాడు. గంటసేపు చూశాడు. నేను చేతులు మొద్దుబారి బయటికి రాగానే ఆయన లేచి, బూట్లు కూడా తడవకుండా, నేను నిలబడ్డ చోటే బెండు వదిలాడు. రాడ్డు పొడవుకి అటూ ఇటూ అంతే దూరం. రెండో సారికి బెండు మునిగింది. వెండి కడ్డీలాంటి చేప నేను తొక్కిన నీళ్ళలోంచి గాల్లోకి లేచింది. నీళ్ళు కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు వడి తప్పించుకోవడానికి ఈ చేప ఒడ్డు పక్కకే వస్తుందట. "నువ్వు దాని మీద నిలబడ్డావు నాయనా" అన్నట్టు చూశాడు, మాట మాత్రం అనలేదు. కాబట్టి పడవ లేదని బాధ వద్దు, వేడర్లు కొన్నా కదా అని దిగనూ వద్దు. ముందు కాళ్ళ దగ్గర నీళ్ళలో వెయ్యండి.

జనం సంగతి. ముందు పది నిమిషాలు చేతులు కట్టుకుని చూడండి. అందరూ ఒకే కోణంలో, ఒకరి తర్వాత ఒకరు వేస్తారు. పై మనిషి వేశాక మీరు, మీ తర్వాత కింది మనిషి. బెండు మీ ముందు దాటి కిందికి పోగానే చుట్టేయాలి. ఎవరైనా "ఫిష్ ఆన్!" అని అరిస్తే అందరూ దారాలు లాగేసుకుని దారి ఇవ్వాలి. ఇది తప్పితే బూతులు పడతాయి, పాటిస్తే మీ రంగూ యాసా ఎవరికీ పట్టదు. నాకు గోల్డ్ బార్‌లో దొరికిన స్నేహితులు అలా దొరికినవాళ్ళే.

శాండీ_పక్కన:

గ్రెషామ్ నుంచి రాస్తున్నానండి. శాండీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆక్స్‌బో పార్కులో మైళ్ళకి మైళ్ళు ఒడ్డు మీద నడవచ్చు, పార్కింగ్‌కి కొంచెం కట్టాలి, కుక్కని తీసుకెళ్ళనివ్వరు. నీళ్ళు హుడ్ కొండ హిమానీనదాలవి. గడ్డకట్టే చలి ఉన్న వారం తేటగా ఉంటాయి, వెచ్చబడితే బూడిద రంగు. మా ఇంటికి పావుగంట కాబట్టి నాకు అది బంగారం. మీకు బోథెల్ నుంచి మూడు గంటల పైనే, దాని మీద ఒరెగాన్ లైసెన్సు వేరే, ట్యాగ్ వేరే. ఒక్క శనివారానికి అంత ఖర్చు దండగ. మీ ఇంటి దగ్గరి నదికే పోండి.

అసలు రాయాలనుకున్నది వేడర్ల గురించి. నడుముకి బెల్టు బిగించకుండా నీళ్ళలో అడుగు పెట్టకండి. రెండేళ్ళ క్రితం నాచు పట్టిన రాయి మీద కాలు జారి నడుము లోతులో వెల్లకిలా పడ్డాను. బెల్టు గట్టిగా ఉంది కాబట్టి లోపలికి కొద్దిగానే నీళ్ళొచ్చాయి. అయినా కారు దాకా నడిచేసరికి తాళం తిప్పడానికి వేళ్ళు ఆడలేదు. పక్కనున్న ఒకావిడ తిప్పి హీటర్ వేసింది. మార్చడానికి పొడి బట్టలు కారులోనే ఉంచండి, స్నేహితుడి కారులో కాదు.

టకోమా_తమ్ముడు:

నెల చెప్పలేదు, ఒప్పుకుంటున్నా. నేను వెళ్ళేది ఎప్పుడూ మార్చిలోనే, అందుకే గుర్తు రాలేదు. కొత్తగాలం అన్నా, మార్చిలో బ్లూ క్రీక్‌కి వస్తానంటే చెప్పు, కలిసి పోదాం. మిరపకాయ బజ్జీలు నావి.

లంకలోడు:

ఇంకొకటి మరిచా. చేప ఒడ్డుకి రాగానే సంబరంలో పైకి ఎత్తకండి. వీపు మీద పెద్ద రెక్కకీ తోకకీ మధ్య బొటనవేలి గోరంత మెత్తటి రెక్క ఉంటుంది, ఆడిపోజ్ ఫిన్. హేచరీవాళ్ళు పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు. ఆ చోట నున్నగా మానిన మచ్చ ఉంటే మీది. వెంటనే, అంటే రెండో విసురు వేయక ముందే, పట్టిన చేప రాసుకునే క్యాచ్ కార్డులో ఎక్కించాలి. ఆ రెక్క ఉంటే వైల్డ్. దాన్ని పూర్తిగా నీళ్ళ బయటికి తీయడమే తప్పు, ఫోటో కోసమైనా సరే. నీళ్ళలోనే గాలం తీసి, తల వడికి ఎదురుగా పెట్టి వదిలేయాలి. అందుకే గాలం వెనక ముల్లుని ఇంట్లోనే పట్కారుతో నొక్కి పెట్టుకోండి.

పులుసు గురించి కూడా ముందే చెప్తున్నా, పులస అనుకుని ఆశ పడకండి. ముళ్ళు తక్కువ, కండ నారింజ రంగు, పులుసులో ఎక్కువసేపు ఉడికిస్తే విచ్చిపోతుంది. మా ఇంట్లో బెండకాయలు వేసి పులుసు మరిగించేసి, ముక్కలు ఆఖర్న వేసి దించేస్తారు. తల మాత్రం నాకే.

కొత్తగాలం:

అప్‌డేట్. నిన్న శనివారం పోయాను. శుక్రవారం రాత్రి గేజ్ 3100, దిగుతోంది. ఆరున్నరకి రైటర్‌లో ఉన్నా, అప్పటికే పదిహేను కార్లు. పది నిమిషాలు చేతులు కట్టుకుని చూశా. పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన తనే జరిగి చోటిచ్చాడు.

మూడు గంటల్లో పోయిన జిగ్గులు రెండే. తొమ్మిదిన్నరకి నా కింద రెండో మనిషికి ఒకటి పడింది. అందరితోపాటు నేనూ దారం చుట్టేశా, చేతులు వణికాయి, నా చేప కూడా కాదు. పదింపావుకి జనం పలచబడ్డాక కొంచెం కిందికి నడిచి, ఎవరూ లేని చోట, మీరు చెప్పారని కాళ్ళ దగ్గరే వదిలా. బెండు మునగలేదండీ, ఊరికే ఆగింది. రాయి అనుకుని లాగా. రాయి అవతలి గట్టు వైపు పరిగెత్తింది.

ఎంతసేపు పట్టిందో తెలీదు. మోకాలి లోతులోకి తెచ్చాక చూస్తే రెక్క ఉంది. చిన్నది, పారదర్శకంగా, చుక్కలతో. బెల్టు బిగించుకున్నా, మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలోనే జిగ్ తీశా. కాసేపు నా చేతుల మధ్యే ఊపిరి పీల్చుకుని ఒక్క తోక విదిలింపుతో పోయింది, నా మొహం మీద నీళ్ళు.

ఇంటికొచ్చి ఫోటో చూపిస్తే మా ఆవిడ జూమ్ చేసి చూసి, "నీళ్ళలోనే ఉంది కదా, పట్టినట్టా పట్టనట్టా?" అంది. ఏం చెప్పాలో చెప్పండి.

లంకలోడు:

పట్టినట్టే అని చెప్పండి. నమ్మకపోతే నా పేరు చెప్పండి, మా ఇంట్లోనూ నమ్మరు.

గేజ్ ఇవాళ మళ్ళీ ఎక్కుతోంది, బుధవారం దాకా వెచ్చటి వాన. గురువారం మంచు కిందికి దిగుతుందంటున్నారు. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి చూసి ఇక్కడే రాస్తా. పోదామంటే ఆరింటికి సుల్తాన్‌లో కలుద్దాం. పులిహోర మీరు తెండి, ఈసారి నది ఒడ్డున తిందాం.